వంటింటి పులుపు – కర్మాగారపు ఆమ్లం

యాసిడ్ అనే మాట చెవిన పడగానే మనలో చాలామందికి పొగలు చిమ్మే సీసా, కాలి చిల్లులు పడిన గుడ్డ, సీసాపైని పుర్రె గుర్తు మనసులో మెదులుతాయి. కర్మాగారంలో పనిచేసే మనకైతే రబ్బరు చేతితొడుగులు, ముఖానికి అడ్డుపెట్టుకునే కవచం, ఎర్రటి హెచ్చరిక పలక గుర్తుకు వస్తాయి. సరిగ్గా అదే వేళకు మన ఇళ్ళలో చారుకు చింతపండు నానుతూ ఉంటుంది, పాలు తోడుకుంటూ ఉంటాయి, జాడీలో ఆవకాయ ఊరుతూ ఉంటుంది. అవన్నీ ఆమ్లాల లీలలేనన్న సంగతి మనకు సాధారణంగా తట్టదు.

ఆమ్లం అన్న సంస్కృత పదానికి పులుపు అనే అర్థం. ఇంగ్లీషువారి యాసిడ్ అన్న మాట కూడా పులుపును తెలిపే లాటిన్ పదం నుండి పుట్టినదే. నాలుకతో మొదలైన ఈ పరిచయం నేడు ఉక్కు, ఎరువులు, విద్యుత్తు వంటి మూల పరిశ్రమలన్నిటికీ విస్తరించింది. వంటింటిలో నేస్తంగా, కర్మాగారంలో సేవకునిగా ఉన్న ఈ పదార్థం కొన్ని వేళల ఇంటిలోనే శత్రువుగా ఎందుకు మారుతున్నదో సోదర ఉద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను ముచ్చటించాలన్నదే ఈ వ్యాసం వ్రాయడంలో మా ఉద్దేశం.

ఆమ్లం అంటే ఏమిటి?

ఆమ్లానికి ఆ గుణం ఎక్కడినుండి వచ్చిందన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలా కాలం వేధించింది. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెవోయిజర్ ప్రతి ఆమ్లంలోను ఆక్సిజన్ ఉండి తీరాలని భావించాడు. ఆ వాయువుకు ఆక్సిజన్ అని పేరు పెట్టడంలో ఆమ్లాన్ని పుట్టించేది అన్న అర్థమే ఉన్నది. ఉప్పు నుండి తీసే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని 1810లో హంఫ్రీ డేవీ నిరూపించడంతో ఆ సిద్ధాంతం వీగిపోయింది. నీటిలో కరిగినప్పుడు హైడ్రోజన్ అయాన్లను విడిచే పదార్థమే ఆమ్లమని 1887లో స్వీడన్‌కు చెందిన అర్హీనియస్ వివరించాడు. ఆయనకు 1903లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తరువాత ఈ నిర్వచనం మరింత విస్తృతమైనా, మన నిత్య జీవితానికి అర్హీనియస్ మాట చాలును.

ఆ హైడ్రోజన్ అయాన్ల బలాన్ని కొలిచే కొలబద్దయే పీహెచ్. దీనిని 1909లో డెన్మార్క్ దేశపు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. శుద్ధ జలం పీహెచ్ 7. అంతకు తగ్గినకొద్దీ ఆమ్ల గుణం, పెరిగినకొద్దీ క్షార గుణం. ఇందులో ఒక మెలిక ఉన్నది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. నిమ్మరసం పీహెచ్ సుమారు 2, పెరుగుది సుమారు 4 అనుకుంటే, నిమ్మరసం పెరుగు కంటె రెండు రెట్లు కాదు, నూరు రెట్లు ఆమ్లగుణం కలది.

బలమైన ఆమ్లం వేరు, గాఢమైన ఆమ్లం వేరు. ఈ రెంటికీ గల భేదాన్ని చదువుకున్నవారు కూడా తరచు మరచిపోతుంటారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీటిలో కలియగానే దాదాపు పూర్తిగా విడిపోతుంది, కనుక అది బలమైనది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లపు అణువులు నూటికి ఒకటైనా విడిపోవు, కనుక అది బలహీనమైనది. గాఢత అన్నది నీటిలో ఎంత ఆమ్లం ఉన్నదన్న లెక్క మాత్రమే. బలమైన ఆమ్లాన్ని ఎక్కువ నీటితో పలుచన చేస్తే నిరపాయంగా ఉండవచ్చును. బలహీనమైన ఎసిటిక్ ఆమ్లం నీరు లేకుండా గాఢంగా ఉంటే చర్మాన్ని కాల్చగలదు. కనుక ఆమ్లం పేరు తెలిస్తే చాలదు, దాని పాలు ఎంతో కూడా తెలియాలి.

వంటింటి ప్రయోగశాల

పసుపు మరక పడిన తెల్లచీరపై సబ్బు రుద్దగానే మరక ఎర్రబడటం గృహిణులందరూ చూచినదే. సబ్బులోని క్షారమే దీనికి కారణం. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకోవడంలోను, దిష్టి తీసే ఎర్రనీళ్ళలోను జరిగేది ఇదే. ఆ ఎర్రనీళ్ళలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే క్షారం తటస్థమై నీరు మళ్ళీ పసుపు పచ్చగా మారుతుంది. పిల్లల చేత చిక్కటి పసుపునీటిలో తెల్లకాగితాన్ని తడిపించి, ఆరబెట్టి, ముక్కలుగా కోయిస్తే క్షారాలను గుర్తించే చక్కని పరీక్షా పత్రాలు సిద్ధమవుతాయి. ఎర్ర మందారపూల రసం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. అది ఆమ్లంలో ఎర్రగాను, క్షారంలో పచ్చగాను మారి రెంటినీ పట్టి ఇస్తుంది.

చింతపండులో టార్టారిక్, నిమ్మలో సిట్రిక్, పెరుగులో లాక్టిక్, పాలకూరలో ఆగ్జాలిక్ ఆమ్లాలు ఉంటాయి. మన ఉసిరికాయలో దండిగా ఉన్న సి విటమిన్ కూడా ఆస్కార్బిక్ ఆమ్లమే. శనగ మొక్క ఆకుల నూగు నుండి కూడా పుల్లని ఆమ్లం స్రవిస్తుంది. తెల్లవారుజామున చేనుపై గుడ్డ పరచి, మంచుతోపాటు ఆ పులుపును పీల్చి పిండుకొనే ఆచారం మన దేశంలో ఉన్నది.

మన పెద్దలకు ఆమ్లం అన్న శాస్త్ర పరిభాష తెలియకపోయినా దాని స్వభావం బాగా తెలుసును. కందిపప్పు మెత్తగా ఉడికిన తరువాతనే చింతపండు పులుసు పోస్తారు. ముందే పోస్తే పప్పు బద్దలోని కణాలను పట్టి ఉంచే పెక్టిన్ ఆ పులుపులో తేలికగా కరగక, పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. ఊరగాయను జాడీలోనే పెడతారు గాని ఇత్తడి బిందెలో పెట్టరు. జాడీకి గల గాజు పూతను పులుపు ఏమీ చేయలేదు. ఇత్తడి, రాగి పాత్రలలో పులుపు నిలువ ఉంటే రాగి కరిగి చిలుము పడుతుంది, తిన్నవారికి వాంతులవుతాయి. అందుకనే ఒకప్పుడు వీధులలో కళాయి పూసేవారు తిరిగేవారు. పాత్రను కాల్చి, నవాసాగరంతో శుభ్రపరచి, లోపల తగరం పూసేవారు. లోహాన్ని ఆమ్లం నుండి కాపాడే పూతల శాస్త్రానికి వారు మన వీధి ఇంజనీర్లు అనుట అతిశయోక్తి కాదు. పూత లేని ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడటానికి కారణం కూడా అదే ఆమ్లం. పైనున్న ఆక్సైడు పొరను అది కరిగించి వేస్తుంది.

పుల్లని మజ్జిగతో కలిపిన పిండిలో చిటికెడు వంటసోడా వేస్తే బుడగలు పొంగుతాయి. ఆమ్లమూ సోడా కలిసి కార్బన్ డయాక్సైడును పుట్టించడమే దీనికి మూలం. ఇదే చర్య ఇంటి నేలపై జరిగితే మాత్రం నష్టమే. తాండూరు బండలు, కడప బండలు సున్నపురాయి జాతికి చెందినవి. పాలరాయి సంగతీ అంతే. వాటిపై బాత్‌రూము ఆమ్లం పోయగానే నురగ వస్తుంది. మురికి పోతున్నదని మనం సంతోషిస్తాము గాని, నిజానికి పోతున్నది బండయే.

మన లోపలి కర్మాగారం

ఆమ్లం మన శరీరంలోనే తయారవుతున్నది. జీర్ణాశయంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో విలియం ప్రౌట్ అనే ఆంగ్ల వైద్యుడు ప్రకటించాడు. మన జీర్ణాశయం రోజుకు లీటరున్నర నుండి రెండు లీటర్ల దాకా జఠర రసాన్ని స్రవిస్తుంది. మాంసకృత్తుల జీర్ణానికి తోడ్పడి, ఆహారంతో వచ్చే సూక్ష్మజీవులలో చాలావాటిని చంపే ఈ ఆమ్లం, జీర్ణాశయపు గోడను మాత్రం తినివేయదు. క్షారగుణం గల జిగురు పొర ఆ గోడకు కవచంగా ఉంటుంది. ఆమ్లం పైకి ఎగదన్ని అన్నవాహికను తాకినప్పుడు మాత్రం గుండెల్లో మంట పుడుతుంది, ఎందుకంటే అన్నవాహికకు అటువంటి కవచం లేదు. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. ముందు చెప్పబోయే సంఘటనకు దీనితో సంబంధం ఉన్నది.

షిఫ్టు డ్యూటీ వలన, కారం వలన, కోపం వలన కడుపులో పుండ్లు వస్తాయని మనం చాలా కాలం నమ్మాము. చాలా పుండ్లకు మూలం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి అని ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొన్నారు. వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. కనుక నెలల తరబడి మంట ఉన్నవారు యాంటాసిడ్ బిళ్ళలతో సరిపెట్టుకొనక వైద్యుని చూడటం మంచిది.

పరిశ్రమలలో ఆమ్లం

ప్రపంచంలో అత్యధికంగా తయారయ్యే రసాయనాలలో సల్ఫ్యూరిక్ ఆమ్లానిది అగ్రస్థానం. ఏటా 25 కోట్ల టన్నులకు పైగా ఉత్పత్తి అవుతున్నది. అందులో సగానికి పైగా ఫాస్ఫేటు ఎరువులకే పోతున్నది. మన పొలాలకు వెళ్ళే డి.ఎ.పి. బస్తా వెనుక, రాతి ఫాస్ఫేటును కరిగించిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్నదన్న మాట. దీని ఆధునిక తయారీ పద్ధతికి 1831లో పేటెంటు పొందినది బ్రిస్టల్ నగరానికి చెందిన పెరిగ్రిన్ ఫిలిప్స్ అనే వెనిగర్ వర్తకుడు. వంటింటి పులుపును అమ్ముకొనే వ్యక్తి ప్రపంచ పరిశ్రమకు దారి చూపడం విచిత్రమే.

ఇంగ్లీషులో ఊరగాయ పెట్టడానికీ, ఉక్కును ఆమ్లంలో ముంచడానికీ ఒకటే మాట, పిక్లింగ్. వేడిగా చుట్టిన ఉక్కు రేకుపై నల్లటి ఆక్సైడు పొలుసు ఏర్పడుతుంది. రేకును మరింత పలుచగా సాగదీయడానికి గాని, జింకు పూత పూయడానికి గాని ఆ పొలుసు పోవాలి. వెచ్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లపు తొట్టెలగుండా రేకు సాగిపోతూ శుభ్రపడుతుంది. వాడిన ఆమ్లాన్ని పారబోయక, పునరుద్ధరణ యూనిట్లలో ఆమ్లాన్నీ, ఇనుప ఆక్సైడు పొడినీ విడివిడిగా రాబట్టే ఏర్పాటు కలదు. కోక్ ఓవెన్ల వాయువులోని అమ్మోనియాను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పట్టి అమ్మోనియం సల్ఫేటు ఎరువుగా మారుస్తారు. బాయిలర్లకు వెళ్ళే నీటినుండి లవణాలను తొలగించే రెసిన్ అలసిపోయినప్పుడు దానికి తిరిగి శక్తినిచ్చేది కూడా ఆమ్లమే.

ఇంటింటా ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీలలో పెక్కింటిలో సీసపు పలకలు, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. ఇటువంటి బ్యాటరీలో తరిగిపోయేది సాధారణంగా నీరే గాని ఆమ్లం కాదు. అందుకే స్వేదనజలం మాత్రమే పోయాలి, ఆమ్లం పోయరాదు. ఛార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆ చోట గాలి ఆడాలి, దీపం, అగ్గిపుల్ల దరి చేరరాదు.

శిక్షణ కాలంలో మాకు నేర్పిన మొదటి పాఠం ఒకటి ఉన్నది. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయరాదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికంటె 1.84 రెట్లు బరువైనది. దానిపై నీరు పోస్తే నీరు పైన తేలి, ఆ కలయికలో పుట్టే తీవ్రమైన వేడికి అక్కడికక్కడే మరిగి, ఆమ్లంతో సహా ముఖాన చిమ్ముతుంది. ఆమ్లాన్నే సన్నధారగా, కలియబెడుతూ నీటిలో పోస్తే ఆ వేడిని నీరంతా పంచుకుంటుంది.

ఒక కూల్‌డ్రింకు సీసా

ఇక మేము ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణమైన సంఘటన. సుమారు పాతికేళ్ళ క్రితం మేము వేరొక చోట ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజులవి. మా కాలనీకి వచ్చే నీరు ఉప్పునీరు. బాత్‌రూము గచ్చుపై పసుపు గారలు కట్టేవి. నీటిశుద్ధి విభాగంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నది. అరలీటరు తెచ్చుకుంటే ఎవరికి నష్టమనుకునేవారము. తేవడానికి చేతికి దొరికేవి ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు. ఇలా తెచ్చుకోని ఇల్లు మా వరుసలో లేదనే చెప్పాలి. మేము కూడా తెచ్చుకున్నవారమే.

ఒక మే నెల మధ్యాహ్నం మా సహోద్యోగి నాలుగేళ్ళ కుమారుడు ఆటలాడి ఇంటికి వచ్చి, దాహంతో స్నానాల గది తలుపు వెనుకనున్న సీసాను ఎత్తి గుక్క త్రాగాడు. పిల్లవాని కేక విని పరుగెత్తిన తల్లి, పెద్దలు చెప్పగా విన్న మేరకు ఉప్పునీరు పట్టి వాంతి చేయించింది. పక్కింటివారు సున్నపు తేట ఇవ్వమన్నారు. ఆమె ప్రేమలో గాని, వారి సహాయంలో గాని లోపం లేదు. లోపించినది తెలివిడి. లోపలికి దిగేటప్పుడు ఒకసారి అన్నవాహికను కాల్చిన ఆమ్లం, వాంతితో పైకి వచ్చేటప్పుడు మరొకసారి కాల్చింది. క్షారం పట్టి ఉంటే తటస్థీకరణలో పుట్టే వేడి కూడా తోడై ఉండేది.

పిల్లవాడు బ్రతికాడు. అయితే గాయం మానేకొద్దీ అన్నవాహిక ఇరుకై, ముద్ద దిగడం కష్టమైంది. దానిని వెడల్పు చేయించడానికి ఆ దంపతులు ఏళ్ళ తరబడి పెద్దాసుపత్రి చుట్టూ తిరిగారు. ఆవకాయ అన్నం అడిగే వయసులో ఆ బిడ్డ జావ త్రాగి పెరిగాడు.

ఆ రాత్రి మేము ఇంటికి వచ్చి మా సీసాను చూచుకున్నాము. కర్మాగారంలో అదే ఆమ్లం ఉన్న ట్యాంకుపై మూడు భాషలలో పేరు, గాఢత, ప్రమాద చిహ్నం ఉన్నాయి. చుట్టూ గట్టు, పది అడుగుల దూరంలో అత్యవసర జలధార, కళ్ళు కడుగుకునే తొట్టి ఉన్నాయి. గేటు దాటి మా ఇంటికి చేరిన సీసాపై మాత్రం ఒక కూల్‌డ్రింకు బొమ్మ తప్ప వేరే అక్షరం లేదు. మా పిల్ల అప్పటికి పాకుతున్నది. బక్కెట నీటిలో దానిని కొద్దికొద్దిగా పోసి, సోడాతో తటస్థపరచి పారబోశాము. మరునాడు మా వరుసలోని ఇళ్ళన్నిటా అదే పని జరిగింది. అంత పని జరగడానికి ఒక పసివాని గొంతు కాలవలసి వచ్చింది. ఇంజనీర్లమైన మాకు ఆ సిగ్గు నేటికీ పోలేదు.

ఇంటింటా పాటించవలసినవి

1. ఆమ్లాన్ని తినుబండారాల, పానీయాల సీసాలలోకి ఎన్నడూ మార్చరాదు. కొన్న సీసాలోనే, చీటీతో సహా, తాళం ఉన్న అలమరలో పిల్లలకు అందని ఎత్తున ఉంచాలి. కర్మాగారపు ఆమ్లం ఇంటికి రానేరాదు.

2. బాత్‌రూము ఆమ్లాన్ని బ్లీచింగ్ పౌడరుతో గాని, బట్టల బ్లీచ్ ద్రవంతో గాని కలపరాదు. రెండూ కలిస్తే రెట్టింపు శుభ్రత రాదు, ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ విషవాయువు వస్తుంది. ఒకటి వాడిన చోట రెండవది అదే రోజున వాడకపోవడం ఉత్తమం.

3. ఒంటిపై పడితే తడిసిన దుస్తులు వెంటనే తొలగించి, పారే నీటితో కనీసం ఇరవై నిముషాలు కడగాలి. కంటిలో పడితే రెప్పలు తెరచి పట్టుకొని అంతసేపూ కడిగి, ఆ పిమ్మట వైద్యుని వద్దకు వెళ్ళాలి. సున్నం, సోడా, టూత్‌పేస్టు, సిరా పూయరాదు.

4. మింగితే వాంతి చేయించరాదు. నోరు పుక్కిలింపజేసి, ఆ సీసాను కూడా వెంట తీసుకొని, 108కి ఫోను చేసి తక్షణం ఆసుపత్రికి చేరాలి.

5. గీజరు, కెటిల్ లోపలి గారకు ఘాటైన ఆమ్లం అక్కరలేదు. వెనిగర్ గాని, నిమ్మ ఉప్పు కలిపిన నీరు గాని పోసి కొన్ని గంటలు ఉంచితే కెటిల్ గార కరిగిపోతుంది. గీజరును మెకానిక్కుకు వదలడం మంచిది.

ఆమ్లాన్ని ఆయుధంగా వాడే దుర్మార్గాల దృష్ట్యా 2013 జూలై 18న సుప్రీంకోర్టు దాని చిల్లర అమ్మకంపై ఆంక్షలు విధించింది. కొనుగోలుదారు చిరునామాతో కూడిన ప్రభుత్వ ఫొటో గుర్తింపు కార్డు చూపాలి, ఎందుకు కొంటున్నదీ తెలపాలి, అమ్మేవారు రిజిస్టరులో వ్రాసుకోవాలి, పద్దెనిమిదేళ్ళు నిండనివారికి అమ్మరాదు. ఏ కార్డూ అడగకుండా విడి ఆమ్లం పోసి ఇచ్చే దుకాణాన్ని చూచినప్పుడు, పని సులభమైందని సంతోషించక, తప్పును తప్పని చెప్పడం మన బాధ్యత.

ఆమ్లం మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. చారులో ఉన్నప్పుడు దాని పాలు మన గృహిణులకు తెలుసును. తొట్టెలో ఉన్నప్పుడు మన ఆపరేటర్లకు తెలుసును. ఈ రెంటికీ నడుమ, ఎవరికీ తెలియని సీసాలో ఉన్నప్పుడే అది ప్రాణం మీదికి వస్తున్నది. ఈ సంచిక చదివిన సాయంత్రం ప్రతి కుటుంబమూ ఒక్కసారి స్నానాల గది తలుపు వెనుక, వంటగట్టు క్రింద చూచుకోవాలని మనవి. పేరులేని సీసా కనబడితే, రేపటికి వాయిదా వేయవద్దు.